కల్లు లొట్టి, పేల్ ఏల్ పీపా

బీరు యింట్లో తయారుచేసుకోవడం ఈనాడు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ గౌరవప్రదమైన వినోదం. ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, గుమాస్తాలు సెలవురోజున మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళను హాప్ పువ్వులతో మరిగించి, చల్లారాక ఈస్టు కలిపి పులియబెడతారు. రెండుమూడు వారాలకు సీసాల్లో నింపి స్నేహితుల పోటీకి తీసుకుపోతారు. రంగుకు ఇన్ని, వాసనకు ఇన్ని, చేదుకు ఇన్ని అని అక్కడ మార్కులు వేస్తారు. అమెరికాలో చదువుకుంటున్న నా పాత విద్యార్థి ఒకడు, రామతీర్థం పక్క వూరివాడు, అటువంటి పోటీలో తన పేల్ ఏల్‌కు రెండో బహుమతి వచ్చిందని రాశాడు. సంతోషించాను. అయితే ఆ చేదు ఏ చరిత్రలోంచి వచ్చిందో, ఆ చరిత్రే మన కొండల్లోని కల్లు లొట్టిని ఏం చేసిందో మన విద్యార్థులు తెలుసుకోవలసి వుంది.

ధాన్యాన్నీ పువ్వునూ పులియబెట్టే విద్య మనకు దొరలు నేర్పింది కాదు. విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల దూరాన వున్న రామతీర్థంలో రాముడి గుడి చూసి తిరిగిపోయేవారే ఎక్కువ. పక్కనే గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. 1910 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ విహారాల్లో బతికిన భిక్షువులు పాటించిన శీలాల్లో సురకూ మేరయానికీ దూరంగా వుండడం ఒకటి. సుర ధాన్యంతో చేసేది. మేరయం పూలు, పళ్ళు, తేనె, బెల్లం వంటివాటితో చేసేది. రెండింటికీ వేర్వేరు పేర్లున్నాయంటే రెండు విద్యలూ జనంలో బాగా పాతుకుపోయాయన్నమాట. లేనిదాన్ని ఎవరూ నిషేధించరు గదా!

కౌటిల్యుడి అర్థశాస్త్రం యింకా ఆసక్తికరం. సురాధ్యక్షుడనే అధికారిని పెట్టి, మద్యం తయారీని రాజు గుప్పిట్లో పెట్టిన గ్రంథమది. బియ్యం ఎంత, నీళ్ళెంత, పులియబెట్టే కిణ్వం ఎంత అని కొలతలు కూడా చెప్పింది. అంత కరకు గ్రంథమే గృహస్థులు శుభకార్యాలకు తెల్లసురనూ, మందుకోసం అరిష్టాన్నీ యింట్లో చేసుకోవచ్చని ఒప్పుకుంది. ఉత్సవాలకూ జాతరలకూ నాలుగు రోజుల సడలింపు యిచ్చింది. ఆదాయంకోసం ఆరాటపడ్డ ఆ రాజ్యం కూడా యింటి కుండ జోలికి పూర్తిగా పోలేదని మనం గమనించాలి.

ఇక పేల్ ఏల్ సంగతి. హాప్ పువ్వులోని చేదు బీరును పులుపెక్కించే సూక్ష్మజీవులను చాలావరకు అణచివేస్తుంది. అందువల్ల హాప్ దండిగా వేసిన బీరు దూరప్రయాణానికి తట్టుకుంటుంది. లండనులో బో అనే చోట వున్న హాడ్జిసన్ బ్రూవరీ తూర్పు ఇండియా కంపెనీ ఓడల రేవుకు దగ్గర. ఓడ కెప్టెన్లకు తమ సొంత సరుకు వేసుకుపోయే హక్కు వుండేది. హాడ్జిసన్ వాళ్ళకు ఏడాది, ఏడాదిన్నర అప్పుమీద పీపాలిచ్చాడు. ఆఫ్రికా కొస చుట్టి నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చేసరికి అది దిగిన చోట మంచి ధర పలికేది. 1820లలో బర్టన్ పట్నపు ఆల్సప్ యీ వ్యాపారంలో పోటీకి దిగాడు. 1830లకల్లా దానికి ఇండియా పేరే స్థిరపడింది. తెల్ల సిపాయి దాహం తీర్చడానికే యీ బీరు పుట్టిందని చెప్పే కథ నమ్మదగింది కాదు. సిపాయి తాగింది నల్లటి పోర్టరు. పేల్ ఏల్ ఆఫీసర్లదీ, వర్తకులదీ. దొరల్లోనూ వర్గాలున్నాయి!

హాడ్జిసన్ పీపాలు కలకత్తా, మద్రాసులలో దిగుతున్న ఆ రోజుల్లోనే, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చినవిజయరామరాజు చనిపోయాడు. ఆ తర్వాత విజయనగరంలో కంటోన్మెంటు వెలిసింది. ఆఫీసరు వెంట అతడి బీరూ వచ్చింది.

కల్లు స్వభావం వేరు. తాటికల్లు, ఈతకల్లు, మన్యంలో జీలుగుకల్లు - వీటికి ఈస్టు ఎవరూ కలపనక్కరలేదు; గాలిలో, లొట్టిలో వున్నదే చాలు. తెల్లారి దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది, మర్నాటికి పనికిరాదు. మత్తు నూటికి నాలుగైదు పాళ్ళు, అంటే పేల్ ఏల్‌కు కాస్త తక్కువ. చోళ్ళతోనో బియ్యంతోనో కొరాపుట్ కొండల్లో చేసుకొనే లండా కూడా అంతే, రోజుల సరుకు. ఓడెక్కే పానీయానికి పెట్టుబడి కావాలి, అప్పు కావాలి, మార్కెట్టు కావాలి. చెట్టుకింద తాగే పానీయానికి చెట్టు, కత్తి, ఎక్కగల మనిషి వుంటే చాలు. అది సరుకు కాదు. గిరిజనుడి అంబలివంటిది, కరువు నెలల్లో సగం ఆహారం. దానిమీద డబ్బు రాబట్టాలంటే చెట్టుకూ మనిషికీ మధ్య అడ్డంగా ఎవరో నిలబడాలి.

అలా నిలబడ్డవాడే కల్లు కంట్రాక్టరు. గోదావరి మన్యంలోని రంపలో 1878లో మద్రాసు ప్రభుత్వం కల్లు ఆదాయాన్ని గుత్తకిచ్చి, సొంతానికి కూడా కల్లు గీసుకోరాదంది. దానికి తోడు మన్సబుదారు చిగురుపన్ను పేరుతో తన వాటా అడిగాడు. తన చెట్టు, తన గీత, తన లొట్టి. పన్ను మాత్రం యిద్దరికి! 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు లేచింది. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. అది విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలం వైపుకూ పాకింది. ద్వారబంధాల చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో చనిపోయాడు. కారం తమ్మన్నదొరను జూలైలో కాల్చిచంపారు. మన్సబుదారును తొలగించారు. మన చరిత్ర పుస్తకాలు దీన్ని పితూరీ అనే ఒక్క మాటతో దాటేస్తాయి. అప్పులు, కోర్టులు, అడవి ఆంక్షలు, పోలీసుల లంచాలు అన్నీ కారణాలే. కాని వాటికి నిప్పంటించింది కల్లు లొట్టి మీద పడ్డ చెయ్యి.

అదే 1880లో ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను ఎత్తివేసి, యింట్లో బీరు చేసుకొనేవాళ్ళకు లైసెన్సు పద్ధతి పెట్టాడు. అక్కడ యింటి కుండకు లైసెన్సు కాగితం దొరికింది. రంపలో తూటా దొరికింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చి తయారీనీ అమ్మకాన్నీ సర్కారు చేతికి తెచ్చింది. యింటి పానీయం నేరమైన చోట దుకాణపు సారా రాజ్యమేలింది. తేలిక మత్తు పోయి ఘాటు మత్తు వచ్చింది. విశాఖ, కొరాపుట్ మన్యాల్లో సారా అమ్మే సొండీలు అప్పులిచ్చేవారు కూడా అయ్యారు. సారా బాకీ కింద పంట, పంట బాకీ కింద భూమి పోయింది. 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపును అరికట్టే చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ దోపిడి ఎంతవరకు పోయిందో ఊహించుకోవచ్చు. 1960లలో శ్రీకాకుళం గిరిజనులు పోరాడింది కూడా అప్పూ భూమీ కోసమే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తాగుడును సమర్థించడం అభ్యుదయమా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చదువు నేర్చుకొని సారా దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వారికి నేను ఎదురు చెప్పను. ఐతే వారు మూయించింది వేలంపాట సారాను, కూలిడబ్బు మింగే కంట్రాక్టరును. రంప మన్యం తిరగబడింది కూడా కంట్రాక్టరు మీదే. యీ రెంటినీ ఎదురెదురుగా పెట్టేవారు మధ్యనున్న ఖజానాను దాచేస్తున్నారు. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం ఒక్క వోటు తేడాతో కూలిపోయింది కూడా మద్యనిషేధం మీదే. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫార్సు వెనుక గీతకార్మికుల బతుకు వుంది. 1995లో తెచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలింది, ఖజానా కోలుకుంది.

ఇంగ్లండులో యింటి బీరుకు లైసెన్సు 1963లో పోయింది. అమెరికాలో 1978లో, అంటే రంప కల్లు గుత్తకు సరిగ్గా నూరేళ్ళకు, యింట్లో చేసుకొనే బీరుమీద కేంద్ర పన్ను తొలగింది; యిద్దరు పెద్దలున్న యింటికి ఏటా 200 గ్యాలన్ల దాకా మినహాయింపు. నా విద్యార్థి బహుమతికి ఆ చట్టమే పునాది. మన 1968 అబ్కారీ చట్టం కింద అదే పని లైసెన్సు లేకుండా చేస్తే నేరం. హైదరాబాదులో పెట్టుబడి వున్నవాడు లైసెన్సు తీసుకొని హాప్ వేసిన బీరు అక్కడికక్కడే తీసి అమ్మవచ్చు; దానికి మైక్రోబ్రూవరీ అని పేరు. కొండమీద ఇప్పసారా కుండ దొరికితే దానికి పేరు కేసు.

1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు దఖలుపరచాలన్నది. 2011లో మన రాష్ట్రంలో దానికి నియమాలు కూడా వచ్చాయి. దుకాణం వుండాలా వద్దా, లొట్టి వుండాలా వద్దా అని తేల్చవలసింది ఆ సభే. అందులో ఆడవాళ్ళూ కూర్చోవాలి. ఏజెన్సీలో పనిచేసే మన ఉపాధ్యాయ మిత్రులు తమ వూరి సభ యీ విషయం మీద చివరిసారి ఎప్పుడు కూర్చున్నదో, ఆ తీర్మానాన్ని అబ్కారీ శాఖ ఏం చేసిందో రాసి పంపితే తర్వాతి సంచికలో దానిమీద చర్చ సాగించవచ్చు.