నల్ల షేల్ (గోదావరి లోయ)

సేంద్రియ పదార్థం దండిగా ఉండి, పలకలుగా విడిపోయే బురదరాయి నల్ల షేల్. చమురు, సహజవాయువులకు ముఖ్యమైన మాతృశిల ఇదే. బెల్లంపల్లి గనుల్లో పెర్మియన్ కాలపు బరాకర్ బొగ్గు పొరలతో కలిసి ఉండే బొగ్గుషేల్ దీనికి దగ్గరి బంధువు. చూపుకు బొగ్గులాగే ఉంటుంది. చేతికి మాత్రం బరువుగా తగులుతుంది, పొయ్యిలో వేస్తే సరిగా మండక బూడిదే మిగులుస్తుంది. పలక చీలిస్తే ఒక్కోసారి గ్లోసోప్టెరిస్ ఆకు ఈనెలతో సహా బయటపడుతుంది.

ఆక్సిజన్ అందని నీటి అడుగున నాచు, ఆకులు పూర్తిగా కుళ్లిపోకుండా సన్నని బురదలో కూరుకుపోతాయి. పైన మేటలు పడేకొద్దీ అవి కెరోజెన్‌గా మారతాయి. రాయి 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కినప్పుడు కెరోజెన్ నుంచి చమురు పుడుతుంది, ఇంకా వేడెక్కితే వాయువు. నాచు ఎక్కువగా చమురునిస్తుంది, నేలమీది మొక్కలు వాయువునిస్తాయి.

బెల్లంపల్లి పొరలు వాయువు విరివిగా పుట్టేంత వేడెక్కలేదు. ఈ పొరలున్న గోండ్వానా శిలావరుసే ఆగ్నేయంగా సాగి కృష్ణా–గోదావరి బేసిన్ కింద వేల మీటర్ల లోతున ఉంది. అక్కడి కొమ్ముగూడెం బొగ్గు–షేల్ పొరలు బాగా ఉడికి, మండపేట ఇసుకరాయిలో ఓఎన్‌జీసీ వెలికితీసిన వాయువుకు మూలమయ్యాయి. ఒకే కాలపు చిత్తడి అడవుల నుంచి ఒకచోట బొగ్గు, మరోచోట వాయువు దక్కడం ఈ లోయ ప్రత్యేకత. ఆ బేసిన్‌లోనే క్రెటేషియస్ కాలపు రాఘవాపురం షేల్ మరో ప్రధాన మాతృశిల.