కుమావూ కొండపల్లెల జీవనంలో పశుపక్ష్యాదులు

మకర సంక్రాంతి వేళ కుమావూ కొండపల్లెల్లో పిల్లలు తెల్లవారుతూనే ముంగిట్లో నిలబడి కాకులను ఎలుగెత్తి పిలుస్తారు. వారి మెడలో ఒక వింత దండ ఉంటుంది. బెల్లపు నీళ్లతో కలిపిన గోధుమపిండిని డమరుకం, డాలు, కత్తి, దానిమ్మ పువ్వు ఆకారాలలో మలచి, వేయించి, నడుమ నారింజపండు కూర్చి దారానికి గుచ్చిన దండ అది. ఆ పిండివంటలను 'ఘుఘుతే' అంటారు. ముందుగా కాకికి పెట్టి, ఆ తరువాత పిల్లలు తాము తింటారు. సరయూ నదికి ఒక వైపున కాకులకు పెట్టే ఈ వేడుక సంక్రాంతినాడు జరిగితే, మరొక వైపున మరునాడు జరుగుతుంది.

ఈ ఆచారానికి అక్కడివారు చెప్పే కథ ఒకటి ఉంది. అల్మోరా నుంచి ఏలిన చంద్ వంశపు రాజు ఒకడు లేకలేక కలిగిన కొడుకును 'ఘుఘుతి' అని ముద్దుగా పిలుచుకునేవాడట. పిల్లవాడు మారాం చేసినప్పుడల్లా, నీ మెడలోని హారాన్ని కాకికి ఇచ్చేస్తానని తల్లి బెదిరించేది. పిలుపు విని నిజంగానే కాకులు వచ్చి వాలితే వాటికి ఏదో ఒకటి పెట్టేది. అలా బాలుడికి కాకులతో చెలిమి కుదిరింది. రాజ్యం మీద కన్నువేసిన మంత్రి బాలుణ్ణి అడవికి ఎత్తుకుపోగా, ఒక కాకి ఆ హారాన్ని ముక్కున కరచుకుని రాజభవనానికి చేరి జాడ చూపిందట. ఈ కథ చరిత్ర కాకపోవచ్చు. కాని రాజకుమారుణ్ణి కాపాడే పనిని రోజూ పెరట్లో వాలే పక్షికి అప్పగించిన ప్రజల ఊహలో వారి జీవనవిధానం స్పష్టంగా కనిపిస్తుంది.

కనుమనాడు కాకి కూడా మునుగుతుందని సామెత చెప్పుకుంటూ, పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులను చూరుకు వేలాడదీసే తెలుగువారికి ఈ ఆచారం పరాయిదిగా తోచదు. సంక్రమణ కాలంలో పంటను పశుపక్ష్యాదులతో పంచుకోవడం ఈ దేశంలో ఎన్నో ప్రాంతాల సంప్రదాయం. అయితే కుమావూలో ఆ సంప్రదాయానికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. కాకులను పిలిచే ఆ పండుగే 1921లో ఒక ప్రజా విజయానికి వేదిక అయింది.

గోఠ్ మీద ఇల్లు

కుమావూ పల్లెలోని పాతకాలపు ఇంటి నిర్మాణమే మనిషికీ పశువుకూ ఉన్న పొత్తును చెబుతుంది. రాతి గోడలు, పలకరాళ్ల కప్పు గల ఆ ఇంటిలో మనుషులు పై అంతస్తులో నివసిస్తారు. కింది భాగం పశువులది. దానిని 'గోఠ్' అంటారు. శీతకాలంలో కింద కట్టిన ఆవులు, ఎడ్ల ఒంటివేడి పైగదిని కొంత వెచ్చబరుస్తుంది. అనేక గృహాలలో గోడ కట్టేటప్పుడే తేనెటీగల కోసం ఒక అర వదిలేవారు. బయటివైపు ఈగలు వచ్చిపోయే చిన్న రంధ్రం, లోపలివైపు తేనె తీసుకునేందుకు మూత. ఆ విధంగా ఆవు కింద, తేనెటీగ గోడలో, మనిషి పైన నివసించిన ఇల్లు అది.

ఈ సాన్నిహిత్యానికి ఆధారం వ్యవసాయం. మెట్లుమెట్లుగా చెక్కిన చిన్న పొలాలకు ఎరువు కావాలి. ఎరువుకు పశువులు కావాలి. పశువులకు అడవిలోని గడ్డీ ఆకూ కావాలి. 'బాంజ్' అనే ఓక్ జాతి చెట్టు ఆకులు పశువుకు మేతగాను, రాలినవి గోఠ్‌లో పరుపుగాను, చివరికి పొలానికి ఎరువుగాను మారేవి. బాంజ్ వనాల నీడన నేల తడి నిలుపుకునేది గనుక ఊటలు ఎండేవి కావు. గడ్డి కోయడం, ఆకు తేవడం, నీరు మోయడం ప్రధానంగా స్త్రీల పని. కొడవలి నడుముకు దోపుకుని వాలులెక్కిన ఆ స్త్రీలే ఈ కొండ నుంచి ఆ కొండకు వినిపించేలా 'న్యోలి' పాటలు పాడుకున్నారు. న్యోలి అడవిలో కూసే ఒక పిట్ట పేరు కూడా. శ్రమించే తావే వారికి పాట పుట్టిన తావు.

అందుచేత కొండవాసి ప్రకృతిని ఆనందించిన తీరు యాత్రికుడి తీరుకు భిన్నమైనది. యాత్రికుడు పని మానుకుని వచ్చి శిఖరాన్ని చూస్తాడు. పల్లెవాసికి చూడటానికంటూ వేరే సమయం లేదు. పనికి పోయే దారిలోనే పువ్వు, పిట్ట, పండు తారసపడతాయి. ఈ ఆనందంలో భయం కూడా కలిసి ఉండేదన్న సంగతి మరువరాదు. 1907లో జిమ్ కార్బెట్ చేతిలో హతమైన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని చెబుతారు. గడ్డికీ కట్టెకూ అడవికి పోయిన స్త్రీలు ఇటువంటి మృగాల బారిన పడేవారు. అయినా మరునాడు అదే అడవికి పోక తప్పేది కాదు.

పండుగల పంచాంగం

ఈ సహజీవనం ఏడాది పొడవునా పండుగల రూపం ధరించింది. మార్చి నడుమ వచ్చే చైత్ర సంక్రమణంనాడు 'ఫూల్ దేయి'. పిల్లలు వేకువనే ఎర్రని బురాంశ్, పచ్చని ప్యోలి పూలు ఏరి తెచ్చి ఇంటింటి గడప మీద చల్లి, ఆ ఇల్లు చల్లగా ఉండాలని దీవిస్తారు. ఇల్లాలు వారికి బియ్యం, బెల్లం ఇస్తుంది. పెద్దలను దీవించే అధికారం ఆ ఒక్క ఉదయం పిల్లలదే.

అదే చైత్రంలో అన్నదమ్ములు పెళ్లయిన అక్కచెల్లెళ్ల ఇంటికి సారె తీసుకుపోతారు. దానిని 'భిటౌలి' అంటారు. ఆ మాసంలో కూసే 'ఘుఘుతి', అంటే గువ్వ, కుమావూ జానపద సాహిత్యంలో పుట్టింటి జ్ఞాపకానికి చిహ్నంగా నిలిచింది. అత్తవారింట పొలం పనిలో ఉన్న కోడలికి గువ్వ కూత వినబడితే సోదరుడు దారిలో ఉన్నట్లే. వేసవిలో ఎర్రగా పండే కాఫల్ కాయల మీద కూడా విషాద గాథ ఒకటి ఉంది. బుట్టలోని కాయలు ఎండకు ముడుచుకుని తగ్గినట్లు కనిపించగా, కూతురే తిన్నదని కొట్టి చంపుకున్న తల్లి, సాయంత్రానికి అవి మళ్లీ ఉబ్బి బుట్ట నిండటం చూసి ప్రాణం విడిచిందట. తల్లీకూతుళ్లు పిట్టలై నేటికీ ఆ మాటే చెప్పుకుంటారని నమ్మకం. పేదరికం ఎంత దగ్గరి విషయమో, అడవి పండు ఎంత విలువైనదో ఈ కథ చెబుతుంది.

జూలై నడుమ, శ్రావణ ప్రవేశంతో 'హరేలా'. కొన్ని రోజుల ముందు బుట్టలో మట్టి పోసి ఐదో ఏడో రకాల ధాన్యపు గింజలు చల్లి, మొలిచిన లేత మొలకలను పండుగనాడు కోసి పెద్దలు పిన్నల తల మీద ఉంచి ఆశీర్వదిస్తారు. వానలు వెనుదిరిగే సెప్టెంబరులో 'ఖతడువా' పశువుల పండుగ. గోఠ్ శుభ్రం చేసి, మెత్తని పచ్చగడ్డి పరచి, పశువులకు కడుపునిండా మేత వేస్తారు. సాయంత్రం కాగడా వెలిగించి గోఠ్ అంతా తిప్పి రోగాలను సాగనంపుతారు. మంట చుట్టూ చేరి దోసకాయ పంచుకుంటారు. గఢ్వాల్ సేనాని ఒకడిపై విజయానికి గుర్తుగా ఈ పండుగ పుట్టిందని ఒక వాడుక ఉన్నా, దానికి చారిత్రక ఆధారం లేదు. చలికి ముందు పశువుల క్షేమం కోరే పండుగ అనడమే సమంజసం. పశువులను కాచే దేవతలుగా చౌము, బధాణ్ పూజలందుకున్నారు. ఆవు ఈనిన తరువాత కొన్నాళ్లకు పాలు దేవుడికి సమర్పించాకే ఇంటివారు వాడుకునేవారు.

అడవికి గీసిన గీత

ఈ జీవనానికి మూలాధారం అడవిలోకి స్వేచ్ఛగా పోగల హక్కు. గూర్ఖాల పాలన అనంతరం 1815లో కుమావూ ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1823లో కమిషనర్ ట్రైల్ పల్లెల సరిహద్దులను నమోదు చేయించాడు. విక్రమ శకం 1880వ సంవత్సరం కావడంతో దానిని 'అస్సీ సాల' బందోబస్తు అని ప్రజలు పిలిచారు. ఆ హద్దులలోని అడవి తమదేనన్న భావన పల్లెల్లో స్థిరపడింది.

1893 అక్టోబరు 17 నాటి ప్రకటన ఆ భావనను తలకిందులు చేసింది. కొలత వేయని భూమి యావత్తూ రక్షిత అరణ్యమని ప్రభుత్వం ప్రకటించింది. 1911, 1917 సంవత్సరాల మధ్య సుమారు 3,000 చదరపు మైళ్ల అడవి రిజర్వు అయింది. పశువులను మేపడం మీద, ఆకు కోయడం మీద, వేసవిలో గడ్డికి నిప్పు పెట్టడం మీద ఆంక్షలు వచ్చాయి. ప్రభుత్వానికి కావలసినది రైలు పట్టాల కింది దిమ్మెలకూ, టర్పెంటైన్ తీసే జిగురుకూ పనికివచ్చే చీడ్ దేవదారు. పల్లెకు కావలసినది బాంజ్. కొత్త గడ్డి కోసం ఏటా నేలను కాల్చడం పల్లెకు ఆచారం. అటవీ శాఖకు అది నేరం.

దీనికి తోడు నిర్బంధ చాకిరీ ఉండేది. పర్యటనకు వచ్చే అధికారుల సామాను మోయడం 'కులీ ఉతార్', 'కులీ బేగార్' కాగా, వారికి పాలు, గడ్డి, కట్టెలు సమకూర్చడం 'బర్దాయిష్'. దేవుడికి పెట్టనిదే ఇంట వాడని పాలను దొరగారి డేరాకు చేర్చవలసి రావడం ఆ ప్రజలకు ఎంతటి అవమానమో ఊహించవచ్చు.

1921 జనవరి మధ్యలో సరయూ, గోమతి నదుల సంగమమైన బాగేశ్వర్‌లో ఉత్తరాయణి జాతర జరుగుతోంది. కొండల నలుమూలల నుంచి వేలాది ప్రజలు చేరారు. బద్రీదత్ పాండే ప్రభృతుల నాయకత్వంలో, ఇకపై బేగార్ చేయబోమని ప్రజలు ప్రమాణం చేసి, కూలీల పేర్లు రాసిన రిజిస్టర్లను సరయూలో పారవేశారు. ఇళ్ల ముంగిళ్లలో పిల్లలు కాకులను పిలిచే రోజులవి. ఆ వేసవిలో అడవులు పెద్దయెత్తున కాలాయి. ప్రభుత్వ ఆధీనంలోని చీడ్ వనాలు అధికంగా దగ్ధం కాగా, పల్లెకు ప్రాణమైన వెడల్పాకు వనాలు చాలావరకు చెక్కుచెదరలేదు. కోపంలోనూ ప్రజలు తమ చెట్టును గుర్తుంచుకున్నారన్నది గమనార్హం.

తిరిగి దక్కినది, దక్కనిది

ప్రజల ఫిర్యాదులపై 1921లోనే విచారణ సంఘం ఏర్పడింది. దాని ఫలితంగా కొంత అడవి సడలింపు పొందగా, 1931లో వన పంచాయతీల నియమాలు వెలువడ్డాయి. పల్లెవారే ఎన్నుకున్న పంచాయతీ తమ వనాన్ని కాపాడుకుంటూ గడ్డి, ఆకు కోతకు రోజులు నిర్ణయించే ఈ వ్యవస్థ నేటికీ నిలిచి ఉంది. ఉత్తరాఖండ్‌లో ఇప్పుడు 11,000కు పైగా వన పంచాయతీలు ఉన్నాయి.

అయితే వాణిజ్యపు నరికివేత స్వాతంత్ర్యం తరువాతా సాగింది. 1974 మార్చి 26న పొరుగున ఉన్న గఢ్వాల్‌లోని రేణి గ్రామంలో, మగవారు ఊరిలో లేని సమయాన కాంట్రాక్టరు మనుషులు గొడ్డళ్లతో రాగా, గౌరాదేవి వెంట స్త్రీలు అడవికి అడ్డుగా నిలిచారు. అడవి తమ పుట్టిల్లన్న వారి మాట చిప్‌కో ఉద్యమ చరిత్రలో నిలిచిపోయింది. గువ్వ కూతలో పుట్టింటి కబురు విన్న సంప్రదాయంలో ఆ మాటకు అలంకారాన్ని మించిన అర్థం ఉంది. 1981లో 1,000 మీటర్లకు పైనున్న ప్రాంతాలలో పచ్చని చెట్ల వాణిజ్య నరికివేత నిలిచింది.

కాని రక్షణ కూడా ఒక్కొక్కసారి కంచెగా మారింది. 1982లో నందాదేవి జాతీయ ఉద్యానం ఏర్పడినప్పుడు, తరతరాలుగా గొర్రెలను తోలుకుపోయిన రేణి పరిసరాల ప్రజలకే ఆ మేత బయళ్లు మూతపడ్డాయి. మరొక వంక పల్లెలే ఖాళీ అవుతున్నాయి. 2001, 2011 జనగణనల మధ్య అల్మోరా, పౌరీ జిల్లాల జనాభా తగ్గింది. 2011 తరువాత 700కు పైగా ఆవాసాలు నిర్జనమైనట్లు రాష్ట్ర వలస సంఘం 2018లో నివేదించింది. ఉపాధి, విద్య, వైద్యం కొరవడటం ప్రధాన కారణాలు; కోతులు, అడవి పందులు పంటను నాశనం చేయడం మరొక కారణం. సాగు మానిన పొలంలో పొదలు పెరుగుతాయి. పొదలలోకి పందులు చేరుతాయి. మిగిలిన రైతు పొలం కూడా అప్పుడు ప్రమాదంలో పడుతుంది.

హరేలా నేడు ఉత్తరాఖండ్ అంతటా మొక్కలు నాటే ప్రభుత్వ కార్యక్రమం అయింది. వలసపోయిన కుటుంబాలు హల్ద్వానీలో, ఢిల్లీలో ఘుఘుతే వండుకుని మేడమీది నుంచి కాకులను పిలుస్తున్నాయి. ఇవి మెచ్చదగినవే. కాగా, గోఠ్‌లో పశువు లేనిచోట ఖతడువా నాటి కాగడా చూపేది దేనికన్న ప్రశ్న మిగిలే ఉంది. కుమావూ చరిత్రను బట్టి చూస్తే, పశుపక్ష్యాదుల పట్ల ఆ ప్రజల ప్రేమ పొలం, పశువు, అడవిపై హక్కు అనే మూడింటి మీద నిలిచింది. పండుగను నిలపాలనుకునేవారు ముందుగా కొండమీద ఆ బతుకు సాగే దారి చూడవలసి ఉంటుంది.