ముందు గడియ, తర్వాత తీగ

కీచుమని మొత్తుకునే ఆ మోడెమ్ మీకు గుర్తుందా? నెట్‌లో ఉంటే ఇంటికి ఫోన్ రాదు, ఎవరైనా ఫోనెత్తితే నెట్ పోతుంది. డబ్బా మీద 56 కేబీపీఎస్ అని ఉండేది గానీ ఆ వేగం వచ్చిన పాపాన పోలేదు. అయితే మనం తిట్టుకున్న ఆ నత్తనడకే మనల్ని కొంత కాపాడిందని ఇప్పుడనిపిస్తుంది. బిల్లు భయానికి అరగంటలో తీసేసేవాళ్ళం. మళ్ళీ కలిపితే సాధారణంగా ఐపీ చిరునామా మారిపోయేది.

బ్రాడ్‌బాండ్ వచ్చాక తలుపు రోజంతా తెరిచే ఉంది. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది గానీ, వెతికి ఆన్ చేస్తే తప్ప పనిచెయ్యదు. 2003 జులై 16న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. సరిగ్గా 26 రోజులకి, ఆగస్టు 11న, బ్లాస్టర్ అనే పురుగు అదే కన్నంలోంచి దూరింది. 2004 ఏప్రిల్ చివర్లో సాసర్ వచ్చింది. వీటికి మనం ఈమెయిల్ తెరవక్కర్లేదు, ఏదీ నొక్కక్కర్లేదు. తీగ తగిలించి ఉంటే చాలు.

2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయ్యేలా చేశారు. పూర్తి ప్యాకేజీ సుమారు 266 ఎంబీ. డయలప్ మీద పది గంటల పైమాటే! మందు కోసం నెట్‌లోకి వెళ్ళాలి, వెళ్తే రోగం అంటుకుంటుంది.

మా ఇంటికి బ్రాడ్‌బాండ్ 2005లో వచ్చింది. నేనప్పుడు ఇంటర్. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు మోడెమ్ నేరుగా తగిలించి వెళ్ళాడు. సర్వీస్ ప్యాక్ లేదు, ఫైర్‌వాల్ లేదు. సాయంత్రానికల్లా తెర మీద 60 సెకన్ల కౌంట్‌డౌన్, రీస్టార్ట్, మళ్ళీ అదే. కంగారులో ఫార్మాట్ కొట్టేశాను. నాన్నగారు ఆర్నెల్లు కూర్చుని టైపు చేసుకున్న తాతయ్య కబుర్లన్నీ పోయాయి. వాటిని తిన్నది పురుగు కాదు, నేనే. ఆయన ఒక్క మాట అనలేదు. మళ్ళీ టైపు చెయ్యనూ లేదు.

చెయ్యాల్సిన వరస చిన్నదే. ముందు ఫైళ్ళు సీడీకి ఎక్కించాలి. స్నేహితుల దగ్గర్నుంచి సర్వీస్ ప్యాక్ సీడీ తెచ్చి వేసుకోవాలి. ఫైర్‌వాల్ ఆన్ చెయ్యాలి. మధ్యలో ఒక రౌటర్ పెట్టి దాని పాస్‌వర్డ్ మార్చాలి. ఆఖర్న తీగ.

పాత కథే కదా అనుకోకండి. 2016లో మిరాయ్ లక్షల కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరింది ఎవరూ మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే. మీ రౌటర్‌ది మార్చారా? అమ్మానాన్నల ఇంట్లోది?