లాలాగూడ దాపున ఇరానీ హోటళ్లు

నైజాము ప్రభువుల ధనవైభవము లోకప్రసిద్ధము. అయినను సికింద్రాబాదున పేరెన్నికగన్న హోటళ్లు నవాబుల విందుశాలలనుండి పుట్టినవి కావు. 1874లో ఈ ఊరికి రైలు వచ్చెను. 1893లో లాలాగూడలో రైల్వే వర్కుషాపు వెలసెను. వేకువనే పనికేగు కూలివానికి చౌకగా వేడి చాయ కావలెను గదా! ఆ కొఱత తీర్చినవారిలో ఇరాను దేశమునుండి వలసవచ్చినవారు ముఖ్యులు. తేయాకు కషాయమును మూతబిగించిన పాత్రలో సన్నని సెగపై మరగించి, వేఱుగా చిక్కగా కాచిన పాలు కలుపుట వారి పద్ధతి. పాలరాతి బల్లకడ కులగోత్రముల విచారణ లేదు. మడియాచారము నడుమ పెరిగిన నాకు, బిరియాని రుచికంటె ఇదియే వారు చేసిన ఘనకార్యమని తోచును. సినిమా నటులు, క్రీడాకారులు మెచ్చిన పారడైజు హోటలు సైతము 1953లో ఆ పేరుగల సినిమాహాలు చెంత చిన్న ఫలహారశాలగానే మొదలయ్యెను. ఆ హాలు పోయినను జనులు ఆ కూడలిని నేటికిని పారడైజు అనియే పిలుచుచున్నారు.