అమ్మ నోటి నవలలు

ఏడేళ్ళ కిందట ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను అడిగారు, “మీరు మొట్టమొదట చదివిన నవల ఏది?” అని. సాహిత్యంలో డాక్టరేటు పట్టా ఫైల్లో పెట్టుకుని కూర్చున్న నేను తడుముకోకుండా “మైదానం” అన్నాను. అడిగినాయన సంతోషంగా తల ఊపారు. నేను చెప్పింది అబద్ధం. చలం 1927లో రాసిన ఆ నవలని నేను ఎమ్.ఏ.కి వచ్చాకే చదివాను.

నేను మొదట విన్న నవల, తర్వాత పద్నాలుగేళ్ళ వయసులో నిఘంటువు పక్కన పెట్టుకుని స్వయంగా చదివిన నవల, జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’. 1979లో వచ్చిన అమెరికన్ క్రైస్తవ ప్రేమకథ. అట్ట చిరిగిపోతే అమ్మ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది. ఆ పుస్తకం తాండూరులో మా ఇంటి ట్రంకుపెట్టెలో, పెళ్ళి చీరల కింద ఉండేది. దాని పేరు నేనెందుకు చెప్పలేకపోయాను? ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

ముందు ఆ ట్రంకుపెట్టె అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. సికింద్రాబాదు నుంచి వాడికి వెళ్ళే నిజాం రైలు మార్గం 1874 నాటిది. వికారాబాదు, ధారూరు, తాండూరు ఆ దారి మీదే ఉన్నాయి. మిషనరీలకు కూడా అదే దారి. మెదక్ వైపు ఇంగ్లండు వెస్లియన్లు పనిచేస్తే, వికారాబాదు, తాండూరు, బీదరు వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. ఆ అమెరికన్ సంఘంలో స్త్రీలకు వేరే సంస్థ ఉండేది. 1869లో బోస్టన్‌లో ఆడవాళ్ళే పెట్టుకుని, ఆడవాళ్ళే చందాలు పోగుచేసి, పెళ్ళికాని టీచర్లనీ డాక్టర్లనీ మన దేశానికి పంపిన విదేశీ మిషనరీ సమాజం అది. వికారాబాదులో మేరీ ఎ. నాట్స్ పేరుతో ఉన్న బాలికల పాఠశాల ఆ కృషి ఫలమే. 1923లో మొదలైన ధారూరు జాతరకి ఇప్పటికీ ప్రతి నవంబరులో వేలాదిమంది వస్తారు. గుడారాలు వేసుకుని, వండుకుని తిని, పాటలు పాడుకుని వెళ్తారు.

ఆ తెల్ల టీచర్లని మావాళ్ళు ‘మిస్సమ్మ’ అనేవాళ్ళు. వాళ్ళతోపాటు ఊరూరూ తిరిగింది మన ‘బైబిలు స్త్రీలు’. చాలామంది మాల, మాదిగ స్త్రీలు, వితంతువులు. మిషనరీ చరిత్రల్లో వాళ్ళకి తరచు పేరు కూడా ఉండదు. తెలుగు బైబిలు స్త్రీల మీద జేమ్స్ ఎలీషా తనేటి 2013లో ఒక పుస్తకమే రాశారు గానీ మన సాహిత్య చరిత్రల్లోకి వాళ్ళింకా రాలేదు. అక్షరం అంటరాని వాడల్లోకి ఒక ఆడమనిషి అక్షరం పట్టుకుని నడిచి వెళ్ళడం సాహిత్య చరిత్ర కాకపోతే మరేమిటి?

అమ్మ 1970లలో వికారాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంది. టీచరైంది. దేశం వెళ్ళిపోతూ ఒక మిస్సమ్మ పంచిపెట్టిన పుస్తకాల్లో అమ్మకి ‘క్రిస్టీ’ దొరికింది. కేథరిన్ మార్షల్ 1967లో రాసిన నవల. 1912లో పందొమ్మిదేళ్ళ పిల్ల ఒంటరిగా కొండల్లోకి, మిషను బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. ఒక పాస్టరు, ఒక డాక్టరు ఆమెని ఇష్టపడతారు. మిగతావి అమ్మ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది.

అమ్మ ఆ పుస్తకాలు ఒక్కతే చదువుకోలేదు. వారంలో ఒకరోజు మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఉండేది. ప్రార్థన అయ్యాక చాయ్ తాగి, అయ్యగారు వెళ్ళిపోయాక, అమ్మ పెట్టె తెరిచేది. ఇంగ్లీషు పేజీ మీద వేలు పెట్టి, మా తాండూరు తెలుగులో కథ చెప్పేది. అమెరికా మైదానాలు మా చెల్కలయ్యేవి. కథానాయకుడు క్లార్కు ‘క్లార్కన్న’ అయ్యేవాడు. నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసి వచ్చినవాళ్ళు, కందిచేలో కూలికి పోయి వచ్చినవాళ్ళు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, మా పెద్దమ్మ. అదీ ఆ నవల పాఠకలోకం.

నిజానికి ఇలాంటి పుస్తకాలకి మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1852లో కలకత్తాలో హన్నా కేథరిన్ మలెన్స్ బెంగాలీలో ‘ఫూల్‌మణి, కరుణల వృత్తాంతం’ అచ్చువేసింది. ఇల్లు శుభ్రంగా పెట్టుకునే భక్తురాలు ఫూల్‌మణి, పేరుకే క్రైస్తవురాలైన కరుణ. ఒకరిని చూసి ఒకరు బాగుపడాలి. బెంగాలీలో తొలి నవల ఇదేనా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. మరో ముప్పై ఏళ్ళకి కృపాబాయి సత్తియనాథన్ అనే క్రైస్తవ స్త్రీ తన జీవితాన్నే ‘సగుణ’గా రాసుకుంది. 1887, 88లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆమె కొన్నాళ్ళు మన రాజమండ్రిలోనే కాపురం ఉంది. అదే ఊళ్ళో కందుకూరి వీరేశలింగం ఉన్నారు. ఆయన 1878 నాటి ‘రాజశేఖర చరిత్ర’కి ప్రేరణ గోల్డ్‌స్మిత్ రాసిన ఒక పాస్టరు కుటుంబం కథ అని మనం పాఠంలో చదువుకుంటాం. పాస్టరు స్థానంలో బ్రాహ్మణ గృహస్థు వచ్చాడు. అది తెలుగు నవలకి పునాది అయింది. ఆయనే 1883లో ‘సత్యవతీ చరిత్ర’లో చదువుకున్న మంచి కోడలిని తీర్చిదిద్దారు. ఫూల్‌మణినీ సత్యవతినీ పక్కపక్కన కూర్చోబెడితే మతాలు వేరైనా పని ఒకటే. ఇద్దరూ ఇంటిని దిద్దాలి. సత్యవతి మన సిలబస్‌లో ఉంది. అమ్మ పెట్టెలో ఉన్న ఫూల్‌మణి మనవరాళ్ళు మాత్రం సాహిత్యం కాకుండా పోయారు.

అలాగని ఆ నవలల్ని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’నే చూడండి. భర్త చనిపోయి, కడుపుతో, తెలియని చోట ఒంటరిగా మిగిలిపోయిన మార్టీని, భార్య చనిపోయిన క్లార్క్ తన చిన్న కూతురి కోసం పెళ్ళి చేసుకుంటానంటాడు. ఆమెకి ఇష్టం లేదు. వేరే దారీ లేదు. పెళ్ళయ్యాక అతను ఇల్లు ఆమెకి వదిలి పక్కనున్న కొట్టాంలో పడుకుంటాడు. ప్రేమ మెల్లగా, చాలా తర్వాత వస్తుంది. అమెరికన్ పాఠకురాలికి ఇది పాతకాలపు ముచ్చట. మా ఇంట్లో కూర్చున్న వాళ్ళకి పక్కింటి సంగతి. ముందు పెళ్ళి, తర్వాత పరిచయం అక్కడ అందరి కథా అదే. తేడా ఒక్కటే, ఆ కొట్టాం. అమ్మ ఆ పేజీ దగ్గర ఆగేది. “అడగకుంట ముట్టలే సూడుండ్రి” అనేది. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వైవాహిక అత్యాచారం అనే మాట నేను విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నాను. ఆ మాట చుట్టూ ఉండే మౌనం మాత్రం నాకు అంతకుముందే తెలుసు.

జానిస్ రాడ్వే 1984లో ప్రేమ నవలలు చదివే అమెరికన్ గృహిణుల మీద పుస్తకం రాస్తూ, చదవడమే వాళ్ళు తమకోసం తాము తీసుకునే సమయం అంది. లిన్ నీల్ 2006లో అచ్చంగా ఈ క్రైస్తవ నవలల పాఠకురాళ్ళ దగ్గరికే వెళ్ళింది. ఆ రెండు పుస్తకాలూ చదువుతున్నప్పుడు నాకు మా ఇంటి చాప గుర్తొచ్చింది. అయితే ఆ పరిశోధకులు చూసింది ఒంటరిగా చదువుకునే తెల్ల స్త్రీలని. పదిమంది కలిసి వింటూ, మధ్యలో ఎదురుప్రశ్నలు వేసే పాఠకురాళ్ళని వాళ్ళు చూడలేదు.

ఈ నవలల అసలు ప్రమాదం చివరి అధ్యాయంలో ఉంటుంది. ప్రార్థిస్తే, ఓర్చుకుంటే మనిషి మారతాడు. తప్పకుండా మారతాడు. పెద్దమ్మ భర్త తాగి వచ్చి కొట్టేవాడు. “ప్రార్థన చెయ్యమ్మా, మారుతడు” అని పెద్దలు చెప్పేవాళ్ళు. పెద్దమ్మ ముప్పై ఏళ్ళు ప్రార్థన చేసింది. ఆయన మారలేదు, చనిపోయాడు. తర్వాత నేను ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’ తెచ్చిచ్చాను. 1991లో వచ్చిన నవల, 2022లో సినిమా కూడా అయింది. బైబిల్లో హోషేయ ప్రవక్త కథని 1850ల కాలిఫోర్నియాకి తెచ్చిన కథ. చిన్నప్పుడే వ్యభిచారంలోకి అమ్మేసిన అమ్మాయిని ఒక రైతు పెళ్ళిచేసుకుంటాడు. ఆమె పారిపోతుంది, అతను ఎదురుచూస్తాడు. అమ్మ అది పూర్తిచేసి పుస్తకం మూసి ఒక మాట అంది. “గింత ఓపిక మొగోనికుంటె నవల అయితది బిడ్డా. ఆడిదానికుంటె సంసారం అంటరు.” నా సిద్ధాంత వ్యాసంలో ఇంత సూటి వాక్యం ఒక్కటీ లేదు.

రెండో సంగతి ఇంకా లోతైనది. ఈ నవలల్లో ప్రేమకి అడ్డం ఒక్కటే, విశ్వాసం. అవిశ్వాసితో ఒకే కాడి మోయొద్దన్న పౌలు మాట చుట్టూ కథంతా తిరుగుతుంది. అతను నమ్మితే చాలు, పెళ్ళే. మా చుట్టూ జరిగే పెళ్ళిళ్ళలో విశ్వాసం కన్నా ముందు అడిగేది వేరే. ఒకే చర్చిలో ఒకే రొట్టె తిన్న మాల, మాదిగ ఇళ్ళ మధ్య కూడా సంబంధాలు కలవడం అరుదు. ఒకరోజు కథ మధ్యలో, బండల పనికి పోయే ఒకామె అమ్మని అడిగింది. “గామె ఏ కులమామె?” అమ్మ నవ్వి, “ఆళ్ళకు కులం లేదంట” అంది. ఆమె ఒప్పుకోలేదు. “లేకేం? పుస్తకంల రాయకుంట ఉంటరు.”

రాయకుండా వదిలేసింది ఏమిటని అడగడం కదా విమర్శ అంటే! ఆ అమెరికా మైదానాల్లో అసలు నివాసుల్ని తరిమేసిన చరిత్ర కూడా ఆ ప్రేమకథలో లేదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆమెకి తెలియకపోయినా అనుమానం మాత్రం సరైన చోటే వచ్చింది.

రాయకుండా ఉండడం మాకు కొత్త కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కాని దళితుల్ని షెడ్యూల్డు కులాల్లోంచి తప్పించింది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులు బి.సి. ‘సి’ అయ్యారు. అందుకే ఎన్నో ఇళ్ళలో మనిషికి రెండు పేర్లు, చర్చిలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. సంతకం పెట్టేముందు ఏ పేరో గుర్తుచేసుకోవాలి. ఇంటర్వ్యూలో నేను ‘మైదానం’ అన్నది కూడా ఆ అలవాటులోంచి వచ్చిందేనని ఇప్పుడు అనిపిస్తోంది.

మన సమాజం ఈ చిక్కుని ఎలా విప్పుకుందో చూడాలంటే 1955 నాటి ‘మిస్సమ్మ’ సినిమా చాలు. సావిత్రి వేసిన మేరీ క్రైస్తవురాలు. ఉద్యోగం కోసం ఒక హిందూ యువకుడితో దంపతుల్లా నటిస్తుంది. ఆత్మాభిమానం ఉన్న పిల్ల. ప్రేమ కుదిరే సమయానికి ఆమె మేరీ కాదని, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. అందరం నవ్వుకుంటూ బయటికి వస్తాం. అమెరికన్ నవలలో అతను నమ్మితే పెళ్ళవుతుంది. మన సినిమాలో ఆమె అసలు క్రైస్తవురాలే కాదంటే పెళ్ళవుతుంది. రెండుచోట్లా కులం మాట రాదు.

ఆ మాట రాసినవాళ్ళు మా నేల మీదే పుట్టారు. తాండూరు పక్కన పెద్దేముల్లో పుట్టిన గోగు శ్యామల 2003లో ‘నల్లపొద్దు’ పేరుతో దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోటికి తెచ్చారు. ఆమె కథల్లో మా తెలుగు మా తెలుగులాగే ఉంటుంది. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చింది. తరతరాల దళిత క్రైస్తవ జీవితం అందులో రూతు జ్ఞాపకాల్లోంచి నడుస్తుంది. ఎం.ఎం. వినోదిని లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని తిప్పి కూతురి కథ చేశారు. దళిత క్రైస్తవ అమ్మాయి చదువుకోసం వెళ్ళి, అగ్రవర్ణ స్నేహాల్లో తనని తాను తప్పించుకుని, మళ్ళీ తన ఇంటికి రావడం. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ‘మైదానం’ అని జవాబు చెప్పిన అమ్మాయి అందులో ఉంది.

కిందటేడాది అమ్మకి వినోదిని కథ చదివి వినిపించాను. ఈసారి పుస్తకం నా చేతిలో, చాప మీద అమ్మ. అంతా విని, “ఇండ్ల దేవుడు ఆఖరికొచ్చి ఏం సెయ్యలే” అంది. ఫిర్యాదా, మెప్పా నాకు తెలియలేదు. అడిగితే, “రెండూ కావాలె బిడ్డా. అది వినకపోతే మీ పెద్దమ్మ అన్ని దినాలు బతకకపోవు. ఇది ముందుగాల వినుంటె గట్ల బతకకపోవు” అంది.

ఆ మాట తర్వాత నేను మళ్ళీ ట్రంకుపెట్టె తెరిచాను. ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో తేదీలున్నాయి, 1987 నుంచి 2004 దాకా తొమ్మిది. కథ ఒక్కోసారి పూర్తి చెప్పిన రోజు అమ్మ రాసుకున్నది. చివరి మూడు తేదీల పక్కన ‘అక్క అడిగితే’ అని ఉంది. పెద్దమ్మ కోరి మళ్ళీ చెప్పించుకున్నదన్నమాట.

మనం రచయిత్రుల చరిత్ర రాసుకున్నాం. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’తో నోటి మాటని చరిత్ర చేసింది. పాఠకురాళ్ళ చరిత్ర, వినేవాళ్ళ చరిత్ర ఇంకా మిగిలే ఉంది. ప్రార్థన కూడికల్లో, బీడీలు చుట్టే వసారాల్లో, నర్సుల క్వార్టర్లలో ఎవరు ఏం చదివారు, ఏ పేజీ దగ్గర ఆగారు, ఏమని ఎదురడిగారు? ఆ పుస్తకాలు గొప్పవి కాకపోవచ్చు. వాటిని అడిగిన ప్రశ్నలు గొప్పవి.

మళ్ళీ ఎవరైనా అడిగితే సరైన జవాబు చెప్తాను. మొదటి నవల నేను చదవలేదు, విన్నాను. రాసింది జానెట్ ఓక్, చెప్పింది మా అమ్మ, విమర్శించింది బండల పనికి పోయే ఒకామె.