పసుపునకు సాక్ష్యము

కత్తిపీట మీద కూర తరుగుచుండగా వేలు తెగినచో, తెలుగింట చేయి మొట్టమొదట పోవునది పోపుల పెట్టె వైపునకు. చిటికెడు పసుపు అద్దుట, గుడ్డపీలిక చుట్టుట, మరల పనిలో బడుట, వైద్యమింతే. ఇందులకు ఆధారమేమని ఏ ఇల్లాలి నడిగినను “మా అమ్మ చేసెడిది” అని బదులు వచ్చును. ఆ బదులు ఒకప్పుడు సముద్రముల కావలి యొక కార్యాలయములో చెల్లకపోయినది. ఆ కథకు ముందు, ప్రయోగశాల పసుపును గూర్చి ఏమి కనుగొనెనో విచారింతము.

1815లో వోగెల్, పెల్లెటియే అను రసాయన శాస్త్రజ్ఞులు పసుపుకొమ్ము నుండి దాని రంగు పదార్థమును వేరుచేసి కుర్కుమిన్ అని పేరిడిరి. ఈ పెల్లెటియేయే అయిదేండ్ల తరువాత మరియొకరితో గూడి సింకోనా బెరడు నుండి క్వినైనును వేరుచేసినవాడు. దానికి వచ్చిన ప్రఖ్యాతి దీనికి రాలేదు. కుర్కుమిన్ అణువు యొక్క నిర్మాణము తెలియుటకు 1910 వరకు పట్టినది. 1949లో ‘నేచర్’ పత్రికయందు ష్రాఫ్‌స్టేటర్, బెర్న్ట్ అనువారు ఈ పదార్థము చీము పుట్టించు స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులను పెరుగనీయదని ప్రకటించిరి. అనగా పోపుల పెట్టె వైద్యమునకు గాజుపాత్రలో నొక సాక్ష్యము దొరకినదన్నమాట.

రెండవ గుణము ఆక్సీకరణను నిరోధించుట. నిలువయున్న నూనెకు చెడువాసన వచ్చుట మన మెరిగినదే. గాలిలోని ప్రాణవాయువు కొవ్వును విరుగగొట్టుచు, ఒక అణువు నుండి మరియొక అణువునకు నిప్పువలె ప్రాకుటయే అందులకు కారణము. మన దేహములోని కొవ్వు పొరలకును ఈ బెడద గలదు. కుర్కుమిన్ తన యందలి ఉదజనిని వదలి ఆ ప్రాకుటను నడుమనే ఆపగలదు. ఈ శక్తిని పరీక్షించి చూపిన పరిశోధన 1976లో వెలువడినది.

అయితే తాను మారనిదే పరుల మార్పు నాపుట ఈ పదార్థమునకు సాధ్యము కాదు. దీని చంచల స్వభావమును మన పెద్దలు ప్రతి శుభకార్యమునందును చూచినవారే. పసుపు నీళ్ళలో సున్నము కలిపినచో ఎఱ్ఱనీళ్ళగును. దిష్టి తీయుట కవియే. ఆ క్షారములో కుర్కుమిన్ రంగు మారుటయే గాక త్వరలో విచ్ఛిన్నము కూడ నగును. పసుపు మరక పడిన చీరను ఎండలో నారవేయు ఇల్లాలికిని ఈ రహస్యము తెలియును.

ఇక దేహమున దాని గతి యేమి? కొమ్ములో కుర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్ళే. అది నీట కరగదు. మ్రింగినదానిలో అధికభాగము రక్తమును చేరకయే వెడలిపోవును. చేరిన కొంచెమును ప్రేవుల గోడయు కాలేయమును మార్చివేయును. 1998లో బెంగుళూరు పరిశోధకులు రెండు గ్రాముల కుర్కుమిన్ తినిపించి చూడగా రక్తములో అది కనబడుటయే కష్టమైనది. మిరియములలోని పైపరిన్ జోడింపగా ఇరువది రెట్లు హెచ్చినది. పాలలో పసుపుతో బాటు మిరియపు పొడి వేసిన అవ్వలు గుర్తునకు వచ్చి మేము కొంత గర్వపడితిమి. కాని 2017లో అమెరికా రసాయనజ్ఞులు నూటికి పైబడిన వైద్య పరీక్షలను సమీక్షించి, పక్షపాతమునకు తావులేని రీతిని జరిగిన పరీక్షలలో నెగ్గినది ఒక్కటియు లేదని తేల్చిరి. కుర్కుమిన్ యొక్క రంగే పరీక్షా సాధనములను మోసగించునని కూడ వారనిరి. ఆ మాటను దాచి ఈ గర్వము నొక్కదానినే శ్రోతలకు వినిపించుట న్యాయము కాదు. కళ్ళములో ఎండిన కొమ్ముల పొడి సూక్ష్మజీవి రహితమును కాదు. లోతైన గాయమునకు పసుపు అద్ది ధనుర్వాతపు సూదిమందు మానుకొన్నచో, ఆ తప్పు పసుపుది కాదు.

ఇప్పుడా కార్యాలయపు కథ. 1995లో అమెరికా పేటెంటు కార్యాలయము, గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతి క్రొత్తగా కనుగొనబడినదని యెంచి, మిసిసిపి విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రమునకు దానిపై హక్కు నిచ్చెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో అభ్యంతరము చెప్పినది. కోటానుకోట్ల ఇండ్లలో జరుగుచున్న పని క్రొత్తది ఎట్లగునని మనకు తోచును. కాని నాటి అమెరికా చట్టము ప్రకారము పరదేశములో వాడుక యున్నదన్నచో చాలదు. అది అచ్చులో నుండవలెను. మన అమ్మలందరును వరుసగా వెళ్ళి నిలిచి చెప్పినను సాక్ష్యముగ లెక్కకు రాదు. అందుచే మండలివారు సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములు గాలించి ముప్పదిరెండు ఆధారములు సమకూర్చిరి. కొన్ని నూరేండ్లకు పైబడినవి. భారత వైద్య సంఘపు పత్రికలో 1953లో అచ్చైన వ్యాసమును వానిలో నుండినది. 1997లో ఆ హక్కు రద్దయ్యెను. అమెరికావారు తమ చట్టములోని ఆ నియమమును 2011లో గాని సవరించుకొనలేదు.

ఈ చేదు అనుభవము తరువాత 2001లో సాంప్రదాయిక విజ్ఞాన భాండాగారమును కూర్చుట మొదలైనది. సంస్కృత, అరబ్బీ, పారసీక, ఉర్దూ, తమిళ గ్రంథములలోని యోగములను అయిదు విదేశ భాషలలోనికి మార్చి, పేటెంటు పరీక్షకుల కందుబాటున నుంచుచున్నారు. ఇది మెచ్చదగిన పనియే. కాని అందు చేరునది గ్రంథస్థమైనది మాత్రమే. పాడేరు కొండలలోనో, నల్లమల పెంటలలోనో ఏ ఆకును దేనితో నూరవలెనో యెరిగిన వృద్ధురాలి యొద్ద పుస్తకము లేదు. ఆమె మాటను వ్రాసికొనుటకు ఎవరైన వెళ్ళినను, వ్రాసిన పిదప ఆ కాగితము ఎవరిదగునో ముందుగ ఆమెతో చెప్పవలసి యున్నది.