మానాలనుకున్నవానికి మందు కూడా కావాలి



2015 సెప్టెంబరు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు పెంచింది. దుకాణాల్లో మందు కలిపిన కల్లు దొరకకుండా పోయింది. కొద్ది రోజుల్లోనే మన పొరుగున ఉన్న నిజామాబాద్‌లోను, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను ప్రభుత్వాసుపత్రులకు జనం బారులు కట్టారు. చేతుల వణుకు, ఫిట్స్, నిద్ర లేకపోవడం, లేనివి కనబడడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం. కొందరి ప్రాణాలే పోయాయి.

వాళ్లు తాగి పడిపోలేదు. తాగుడు ఆగిపోయినందుకు పడిపోయారు.

ఈత, తాటి చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలిపారు. ఇవన్నీ మత్తుమందులు. ఏళ్ల తరబడి తాగిన శరీరం వాటికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. అందుకే డాక్టర్లు మందు ఇచ్చి, మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు. రోజూ విపరీతంగా గుడుంబా, సారా తాగేవాళ్లకూ ఈ ప్రమాదం ఉంది.

మన కూటాల్లో ఒక సహోదరుడు చెయ్యెత్తి, ఈ రోజు నుంచే మానేస్తానంటే స్తోత్రం అంటాం. మంచిదే. కానీ ఆ రాత్రి అతనికి ఫిట్స్ వస్తే, అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. అది జబ్బు.

ఈ మాట కొత్తగా అనిపిస్తే, అదే నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లిని చూడండి. కుష్ఠు వచ్చినవాణ్ణి పాపి అని ఊరి బయట ఉంచిన రోజుల్లో, మెథడిస్టు మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. హిందువైన రాజా నర్సాగౌడ్ దానికి అండగా నిలిచారు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. తరువాత ఆ చికిత్స మామూలు ఆరోగ్య సేవల్లో కలిసిపోయింది. నేడు కుష్ఠు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా ఇస్తారు. ఊరి బయట పెట్టిన జబ్బు ఊళ్లోని దవాఖానాకు చేరింది.

తాగుడు చికిత్స కూడా ఆ దారినే రావాలి. ఉట్నూరు గూడెంలోని కూలి మనిషి పని మానుకొని ఆదిలాబాద్ రిమ్స్ చుట్టూ ఎన్నిసార్లు తిరగగలడు? బీపీ, షుగర్ చూసే చోటే, టీబీ మందులు ఇచ్చే చోటే, తాగుడు సంగతి కూడా అడగాలి. టీబీ మందులు వాడుతూ తాగితే కాలేయం దెబ్బతింటుంది. రెండు జబ్బులున్నది ఒక్క మనిషికే కదా.

మనం చేయగలిగింది ఉంది. మానాలనుకున్నవానితో డాక్టరు దగ్గరకు వెళ్దాం. ఆశా కార్యకర్తకు చెప్దాం. 14446 నంబరుకు ఫోన్ చేస్తే మత్తు అలవాటు గురించి, 14416 టెలిమానస్‌కు చేస్తే మనసు బాధల గురించి ఉచితంగా మాట్లాడతారు. ఆ ఇంటి అక్కలను, పిల్లలను వారం వారం పలకరిద్దాం.

మంచి సమరయుడు దారిన పడివున్నవాణ్ణి చూసి ప్రార్థన చేసి వెళ్లిపోలేదు. గాయాలు కట్టాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఖర్చు పెట్టుకున్నాడు, మళ్లీ వస్తానన్నాడు. మనమూ ఆలాగే చేయుటకు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.